పెద్దమ్మ పిలిచే బండ

అయినా మీరే చెప్పండి, రాయి పిలిస్తే ఎవరైనా పలుకుతారా? మా పెదనాన్న పలికేవాడు. "వస్తున్నానే!" అని పెరట్లోంచి కేక కూడా వేసేవాడు.

ఆయన బండలు కోసే షెడ్డులో మేస్త్రి. ఏ బండనైనా కోసే ముందు వేలి కణుపుతో కొట్టి వినేవాడు. పగులుంటే దబ్బుమంటుంది, లేకపోతే కంగుమంటుంది. అందుకే అందరూ ఆయన్ని కంగు మేస్త్రి అనేవారు. బాగా మోగిన ముక్కల్ని ఇంటికి మోసుకొచ్చి, పాత సైకిల్ ట్యూబుల మీద వరసగా పేర్చి, చెక్క సుత్తితో వాయించేవాడు. ఆ మోత వింటుంటే వీపు మీద ఎవరో చల్లని చెయ్యి వేసినట్టుండేది.

కోత మిషన్ పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవులు కదా, మనుషుల మాట సరిగ్గా వినబడేది కాదు. రాయి మోత మాత్రం వినబడేది. అందుకని పెద్దమ్మ వంటింటి కిటికీకి ఒక నల్లబండ ముక్క వేలాడదీసి, అన్నం వేళకి గరిటెతో రెండు దెబ్బలు వేసేది.

"నా గొంతుకి పలకరు గానీ బండకి పలుకుతారు. దాన్నే కట్టుకోవాల్సింది!" అనేది.

"అదైతే కూర మాడ్చదుగా," అనేవాడాయన.

పెద్దమ్మ పోయిన నెలకి, ఆ ముక్కని కూడా వరసలో చేర్చాలనుకున్నాడు. వాయించినప్పుడల్లా ఆవిడ ఉన్నట్టుంటుందని. కానీ దాని స్వరం పక్క రాళ్లతో కలవలేదు. అడుగున కాస్త అరగదీశాడు. విన్నాడు. ఇంకాస్త అరగదీశాడు. నడుం పల్చబడేకొద్దీ రాయి గొంతు దిగుతుంది, అరిగింది మళ్లీ అతకదు. అందరికీ ఆ సంగతి నేర్పిన మనిషే మర్చిపోయాడు. సాయంత్రానికి స్వరం కలిసింది. పెద్దమ్మలాగే గరిటెతో రెండు దెబ్బలు వేశాడు.

నేను వెళ్లేసరికి గరిటె పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇది మీ పెద్దమ్మ కాదమ్మా. ఎవరో వేరే మనిషి పిలుస్తోంది," అన్నాడు.

అప్పట్నుంచి ఆ పాత గొంతున్న రాయి కోసమే తిరిగాడు. మధ్యాహ్నం అన్నం కలుపుతూ ఠక్కున ఆగేవాడు. "పిలిచింది, విన్నావా?" నేను ఇంకాస్త కూర వడ్డించేదాన్ని. ఒకరోజు మాత్రం నేనూ తల తిప్పాను. కిటికీకి ఖాళీ తాడే ఉంది.

చివరికి తను పనిచేసిన షెడ్డులోనే ఒక బండ దొరికింది. కణుపుతో రెండుసార్లు కొట్టి, కళ్లు మూసుకుని, "వస్తున్నానే," అన్నాడట.

"ఎక్కడికి మేస్త్రీ?" అని పనివాళ్లు నవ్వారట.

అది ఒక్కడు మోసేది కాదు. కోస్తే గొంతు మారిపోతుంది. ఈసారి అంగుళం కూడా ముట్టుకోనన్నాడు. దాని మీద సుద్దముక్కతో 'కొయ్యొద్దు, నాది. గురువారం వస్తా' అని రాసి, బండి మాట్లాడాలంటూ ఇంటికొచ్చాడు. బుధవారం పోయాడు.

బండ తీసుకెళ్లమని షెడ్డు యజమాని రెండుసార్లు ఫోన్ చేస్తే మొన్న వెళ్లాను. సుద్ద అక్షరాలు చెదరలేదు. కొడదామని వేలు మడిచాను గానీ, ఆయన ఎక్కడ పలుకుతాడోనని చెయ్యి రాలేదు. బండ అక్కడే ఉంది. బండి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.