ఎడమ పాదం విసురు

మడమ నొప్పి అని మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో పాదాల క్లినిక్‌కి వెళ్తే, అక్కడి పిల్ల నాతో చెప్పులు విప్పించి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిపించి, పొడవాటి చాప మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నింత పరీక్షగా ఎవరూ చూడలేదు. వెనక నుంచి తీసిన వీడియోను కంప్యూటర్‌లో నెమ్మదిగా తిప్పి చూపిస్తూ, “చూడండి అంకుల్, ఎడమ పాదాన్ని బయటికి విసిరి వేస్తున్నారు. ఇలా నడవడం ఎవరు నేర్పారండీ మీకు?” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేర్పింది మా మేనమామ. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్న రోజుల్లో ఆయన హమాలీల మేస్త్రి. ఇరవై రెండేళ్ల వయసులో నేనూ ఆయన ముఠాలోనే బత్తాయి పెట్టెలు మోసేవాణ్ణి. నల్లగొండ వైపు నుంచి పనికోసం ఎవరొచ్చినా ఆయన ముఖం చూసేవాడు కాదు. భుజానికి పెట్టె ఎక్కించి, తాను నేల మీద గొంతుక్కూర్చుని, ఇరవై అడుగులు నడిపించి పాదాలు చూసేవాడు. మడమ ముందు ఆనుతోందా, బరువు ఏ వేలి మీద పడుతోంది అని చూస్తూ ఉంటే చేతిలో బీడీ ఆరిపోయినా తెలిసేది కాదు. కుళ్లిన పండ్ల మీద జారిపడకుండా ఎడమ పాదం బయటికి విసిరి వేయడం అందరికీ ఆయనే నేర్పాడు. వినకపోతే పిక్కల మీద కట్టెతో కొట్టేవాడు. నా పిక్కలకు ఆ కట్టె బాగా తెలుసు.

ఒక మామిడి సీజన్‌లో, మిట్టమధ్యాహ్నం, మార్కెట్ ముసలి వాచ్‌మన్‌ను ఎవడో ఇనుప కొక్కెంతో నెత్తి మీద కొట్టి పారిపోయాడు. లారీకి ఇవతల ఉన్న మామకు, లారీ కింద నుంచి కనిపించినవి పరుగెత్తే రెండు పాదాలే. ఆయన గుంపులోకొచ్చి, మా ఊరివాడే, నాకు అన్న వరుసయ్యే హమాలీని చూపించి, “వీడే! గా ఎడమకాలు నాకు తెల్వదా?” అన్నాడు. పాదాల గురించి మామ చెబితే మార్కెట్‌లో ఇక తిరుగులేదు. మేకులున్న పెట్టె చెక్కలతో కొట్టారు. పళ్లు రాలాయి, చొక్కా నెత్తురుతో ఒంటికి అతుక్కుపోయింది. “నేను గాదురా తమ్మీ” అని నా వంక చూసి అరిచాడు. నేను ఎడమకాలితో అతని డొక్కలో రెండుసార్లు తన్నాను. అబద్ధమెందుకు, తన్నుతుంటే ఒళ్లంతా హుషారుగా ఉండింది. ఎవడో అతని ఎడమ చీలమండ మీద రాయి ఎత్తేశాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

అప్పుడు తలకు తువ్వాల చుట్టుకుని వాచ్‌మన్ తూలుతూ వచ్చాడు. “వీడు గాదురా, గాడు పొట్టోడు” అన్నాడు. ముఠాలోని పొట్టివాడొకడు అప్పటికే మాయమయ్యాడు.

మర్నాడు దవాఖానకు బత్తాయిలు పట్టుకుని వెళ్లాం. అన్న వాటిని ముట్టలేదు. “ముఠాల అందరిదీ నువ్వు నేర్పిన నడకనే గద మామా! గది నాదే అని ఎట్ల గుర్తుపట్టినవ్?” అన్నాడు. ఆ తర్వాత మామ ఎవరి పాదాలూ చూడలేదు. పనికొచ్చినవాణ్ణి పేరు అడిగి పెట్టుకునేవాడు.

“నొప్పి ఎప్పట్నుంచండీ?” అని ఆ పిల్ల కాగితం మీద రాసుకుంటూ అడిగింది. రెండు వారాలన్నాను. చెప్పులో మెత్త వేస్తే నడక సరవుతుందట. మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది, మామ పోయాడు. అన్న ఎల్బీ నగర్‌లో కర్ర పట్టుకుని నడుస్తూ కనిపిస్తాడు. నన్ను చూస్తే, అంత ట్రాఫిక్‌లోనూ కుంటుకుంటూ రోడ్డు దాటి అవతలికి పోతాడు. కాలం ఎంత దూరం నడిచిందో గానీ, అతన్ని తన్నిన నా ఎడమకాలు మాత్రం ఇంకా ఆ మధ్యాహ్నంలోనే ఉంది.