మాట వినబడనిచ్చిన హీటర్

“ఏమే, ఉన్నావా?”

“ఉన్నానండీ. పప్పు దించి వస్తున్నా.”

“దించే రా. తొందరేం లేదు.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. నేను వంటింట్లో, ఆయన పక్కగదిలో మంచం మీద. పప్పు దించి, చెయ్యి తుడుచుకుని వెళ్ళేసరికి నిద్రపోయినట్టే ఉన్నారు. లేపితే లేవలేదు. అయ్యో, ఆ సమయానికి దగ్గర లేకపోయావే అన్నారు నన్ను చూడవచ్చినవాళ్ళు. లేకపోవడమేమిటి? ఆయన పిలిచారు, నేను పలికాను. ఆ పిలుపు నా చెవిన పడిందంటే మా కోడలు ఏరి పెట్టించిన హీటర్ పుణ్యం. నాకు సంతకం వరకే వచ్చు కనుక నేను చెబుతుంటే ఆమే ఇది రాస్తోంది.

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో అబ్బాయి ఇంట్లో ఉండగానే ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. ఆ తరువాత ఆయన మాట గుసగుసకు కొంచెం పైన, అంతే. చలికి ఇల్లంతా వెచ్చబెట్టేదేమో పాత హీటర్. మా గదిని ఆనుకుని ఉన్న చిన్న అరలో ఉండేది. అంటుకుందంటే ఘాట్ రోడ్డెక్కే లారీలా మూలిగేది. ఆయన పిలిస్తే నాకు వినబడేది కాదు.

అబ్బాయి ఒక స్టీలు గ్లాసూ చెంచా ఇచ్చి, “నాన్నా, ఇది కొట్టు, అమ్మ వస్తుంది,” అన్నాడు.

కొన్నాళ్ళు కొట్టారు. తరువాత చెంచా దిండు కింద దాచేశారు. “పెళ్ళాన్ని బడిగంట కొట్టి పిలవాలా? నోరుంది కదా నాకు,” అన్నారు. అప్పటినుంచి దాహమైనా నేను వచ్చేదాకా ఊరుకునేవారు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

హీటర్ మార్చాలని అబ్బాయి రోజూ కంప్యూటర్లో చూసేవాడు. చప్పుడుకి కూడా నంబర్లుంటాయట. “నంబర్ చూస్తే ఏం తెలుస్తుంది? మామయ్యని తీసుకెళ్ళి విందాం,” అంది కోడలు. ఆమె ఆఫీసు స్నేహితురాలి ఇంట్లో కొత్త రకం పెట్టించుకున్నారు. ఒక్కసారిగా అరిచి ఆగిపోకుండా, ఎప్పుడూ సన్నగా తిరుగుతూ ఉండే రకం.

వెళ్ళాం. ఆ అమ్మాయి చాలా మంచిది. మమ్మల్ని కూర్చోమంటుంది, తను కూర్చోదు. ఒక పక్క కుక్కర్ కూతలు, ఒక పక్క చట్నీకి మిక్సీ, పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను. ఇంకేం వింటాం? ఆయన నా చెవిలో, “హీటర్ సంగతి తెలీదు గానీ, మిక్సీ మార్చుకోమని చెప్పు,” అన్నారు.

చివరికి కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. “అక్కా, ప్లీజ్, ఫైవ్ మినిట్స్ ఏం చేయకు. మేం నీ హీటర్ వినడానికొచ్చాం.”

“మరి టిఫిన్?”

“తర్వాత తింటాం. నువ్వు కూర్చో.”

అన్నీ ఆపారు. ఆయన ఆ అమ్మాయి ఇచ్చిన టీ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళారు, నేను సింకు దగ్గర నిలబడ్డాను. కాళ్ళ దగ్గర జాలీలోంచి వెచ్చటి గాలి వస్తోంది, అంటే హీటర్ నడుస్తున్నట్టే. ఇంతలో లోపలినుంచి, “ఏమే, టీలో పంచదార మరీ దంచేసిందే.”

ఒక్క అక్షరం పోకుండా వినబడింది.

“అంకుల్ ఏమన్నారాంటీ?” అంది ఆ అమ్మాయి.

“టీ బాగుందంటున్నారమ్మా,” అని కళ్ళు తుడుచుకున్నాను.

ఆ రకమే పెట్టించారు మా ఇంట్లో. చెంచా మళ్ళీ వంటింటికి వచ్చేసింది. ఆయన పని ఉన్నా లేకపోయినా పిలిచేవారు. “ఏమే, ఉన్నావా?” “ఎక్కడికి పోతానండీ, మీకేం పన్లేదా?” విసుక్కున్నట్టు అనేదాన్ని గానీ, ఆ పిలుపు కోసమే చెవులు వంటింటి గుమ్మం దగ్గర పెట్టుకునేదాన్ని. రెండు చలికాలాలు అలా గడిచాయి. మొగుడి మాట వినబడాలని అత్తగారు ఆశపడితే నవ్వకుండా, హీటర్ వినడానికి ఊరు తిప్పిన కోడలు ఎంతమందికి ఉంటుంది?

అమ్మాయ్, నీ గురించి చెప్పినప్పుడల్లా నీ చెయ్యి ఆగుతోంది, చూస్తూనే ఉన్నాను. అవి రాశావో, మింగేశావో. మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు. గట్టిగా అక్కర్లేదమ్మా, మెల్లగానే చదువు. వినబడుతుంది.