మూడో ఇంటి దీపం

టార్చిలైటు మాకింకా వింతగా ఉన్న రోజులవి. కాట్పాడిలో రైలెక్కాక, ఎదుటి పెద్దాయన ఒళ్ళోని చెక్కపెట్టె తెరిచాడు. లోపల బొమ్మ రైలు, దాని పట్టాల పక్కన అగ్గిపెట్టెలతో కట్టిన వీధి. ప్రతి ఇంట్లో శనగగింజంత బల్బు వెలుగుతోంది. మూడో ఇల్లు, ఒరిగిన వసారాతో సహా, అచ్చం గుడియాత్తంలో మా ఇల్లే. అక్కడ అమ్మ మూడు రోజులుగా తెలివి లేకుండా పడి ఉంది.

ఆ ఇంటి దీపమే రెపరెపలాడింది.

"తీగ వదులుగా ఉండాది. రోంత అదిమి పట్టుకో నాయనా," అన్నాడాయన.

"వదిలేస్తే?"

"ఆరిపోతాది. బొమ్మిల్లే కదప్పా!"

నవ్వలేకపోయాను. నేను అతికిన పోగు మగ్గం మీద నాలుగు వేట్లకే ఊడిపోతుందని ఇంట్లో నాకు పేరు. ఆ పూట మాత్రం గుడియాత్తం దాకా ఆ తీగను బొటనవేలితో నొక్కి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. నేను దిగేముందు ఆయన తీగ కొసలు రెండూ మెలిపెట్టాడు, తెగిన పోగును నేతగాడు అతికినట్టే.

ఇంటికెళ్తే అమ్మ లేచి కూర్చుని గంజి తాగుతోంది. కమిలిన మణికట్టు నాకు చూపించింది.

"ఎవురురా, మధ్యాన్నం ఇంత గట్టిగా అదిమి పట్టుకొన్నింది?"

నా పట్టు ఎక్కువైందని ఇంట్లో వచ్చిన ఫిర్యాదు అదొక్కటే.