బుజెమా బట్టీలో శనివారపు కుండ

ఫెజ్ నగరపు కోటలోని యూదుల పేట చూడవచ్చేవాళ్లు బాల్కనీలకు ఫొటోలు తీసుకుని, ఎవరినీ పలకరించకుండా పోతారు. చిన్నప్పుడు ఆ పేటలోనే పెరిగిన ఎస్తేర్ మాత్రం శుక్రవారం సాయంత్రం వంటకుండతో బుజెమా రొట్టెల బట్టీకే వచ్చింది. ఒకప్పుడు, శనివారం నిప్పు ముట్టని యూదుల ఇళ్ల కుండలన్నీ, లోపలి గుడ్లు గోధుమరంగుకు తిరిగేదాకా, అక్కడే రాత్రంతా సన్నసెగన ఉడికేవి. వాళ్లు వలసపోయాక ముసలి బుజెమా రొట్టెలే కాలుస్తున్నాడు.

"గుడ్లు తెల్లగా ఉంటే మా అమ్మ ఊరుకునేదా?" అంది ఎస్తేర్.

"అప్పుడు బట్టీ చూసే మా నాన్ననీ, నన్నూ కలిపి తిట్టేదమ్మా!"

మర్నాడు మధ్యాహ్నం బుజెమా కుండ బయటికి తీశాడు. సెగ నిలిచిందో లేదో! ఎస్తేర్ మూత తీసి గుడ్డు ఒలిచింది. చక్కటి కాఫీ రంగు.

"నీ చేతి పనితనం పోలేదోయ్! కూర్చో, తిను."

అతను తృప్తిగా నమిలాడు.

"మీ అమ్మ ఉప్పు వేసే చెయ్యి మాత్రం నీకు రాలేదమ్మా."