అమ్మ రాయించిన మాట

పద్మారావు నగర్‌లో మీసేవ మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే పక్క బేకరీలోంచి కేకు కాలుతున్న వాసన వచ్చింది. డిసెంబరు కదా. చేతిలో నా కూతురి కుల ధ్రువీకరణ పత్రం, ముక్కు నిండా వెన్న, వెనీలా, మాడిన చక్కెర. కాలు ముందుకు సాగలేదు. ఈ వాసన కోసమే ఒకప్పుడు అక్కా నేనూ మల్కాజ్‌గిరి సందుల్లో, అమ్మ గిలక్కొట్టి ఇచ్చిన పిండిని రేకు ట్రేలో పోసుకుని, పైన తడిగుడ్డ కప్పి, ఒలకకుండా చెరో పక్కా పట్టుకుని బేకరీ దాకా మోసేవాళ్లం. ఇళ్లల్లో ఓవెన్లు ఎవరికున్నాయి? భట్టీ దగ్గర మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది.

అమ్మ బడిలో టీచరు, నాన్న రైల్వేలో ఫిట్టరు. క్రిస్మస్ వారం ముందు నుంచీ మా రెండు గదుల ఇల్లు తడి సున్నం వాసన వేసేది. నాన్న వెదురుబద్దలు చీల్చి, గాలిపటాల కాగితం అంటించి నక్షత్రం కట్టేవాడు, అది ఏటా ఒక పక్కకి ఒరిగే ఉండేది. కాగిన నూనెలో అచ్చు ముంచి అమ్మ తీసే గులాబీ పువ్వుల్ని, విరిగినవి నావి, నిలిచినవి డబ్బాలోవి అని పంచుకుని, ఇంకాసిని విరగాలని పొయ్యి పక్కనే కాపలా కూర్చునేవాడిని. తెల్లవారుజామున చలిలో హార్మోనియం పట్టుకుని చర్చి వాళ్లు పాడుతూ వస్తే మొట్టమొదట లేచేది అక్కే, అందరికంటే పైకి వినిపించేదీ అక్క గొంతే.

రోజూ దీపాలు పెట్టే వేళకి చాప మీద నలుగురం ప్రార్థనకి కూర్చోవాల్సిందే. ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేసేది. ఆ పిడికెడు ఎంత తప్పనిసరో మా ఇంట్లో నిజం అంత తప్పనిసరి. నాకు పన్నెండు నిండిన నెలకే బోయిన్‌పల్లి వెళ్లే బస్సులో కండక్టరు నా పొట్టి వాలకం చూసి దయ తలిచాడు.

"గింతంత పోరనికి ఫుల్ టికెట్ ఏందమ్మా, హాఫ్ తీస్కో."

"పోయిన నెలనే పన్నెండు నిండినయ్ బాబూ," అంది అమ్మ. బస్సంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క ఇంటర్ పూర్తిచేసి డాక్టరు చదువుతానంది. మా తాత దళితవాడలో ఉండగా క్రీస్తును నమ్ముకున్నవాడు. క్రైస్తవులమని రాయించుకుంటే మాలాంటివాళ్లకు ఎస్సీ రిజర్వేషన్ ఉండదు. అందుకే మా చర్చిలో చాలామంది పిల్లలకు ఆదివారం పిలిచే పేరొకటి, సర్టిఫికెట్‌లో పేరొకటి ఉండేవి. వాళ్లను తప్పుపట్టేంత గొప్పవాణ్ణి నేను కాను.

అక్క సర్టిఫికెట్ కోసం నలుగురం ఆఫీసుకి వెళ్లాం. గుమాస్తా మంచివాడు, ఆయన కొడుకు అమ్మ దగ్గరే చదివాడు.

"టీచరమ్మా, మతం కాడ హిందూ అని రాస్త. పిల్ల డాక్టరైతది. ఎవరికి తక్లీఫ్ లేదు."

"రాయనీ," అన్నాడు నాన్న నేల చూస్తూ. "అందరు రాయించుకుంటలేరా?"

అమ్మ అక్క వైపు చూసింది. పదిహేడేళ్ల పిల్ల, చేతిలో మార్కుల కాగితం చివర మడుస్తూ విప్పుతూ నిలబడింది.

"లేనిది ఎట్ల రాయిస్త సారూ? క్రిస్టియన్ అనే రాయుండ్రి," అంది అమ్మ.

మాలాంటివాళ్లకని విడిగా ఉన్న కొద్ది సీట్లలో అక్కకి రాలేదు. ఆ సంగతి తెలిసిన రోజు కూడా అమ్మ ప్రార్థన చేయించింది, అక్క పాట ఎత్తుకుంది. గొంతు ఎక్కడా వణకలేదు. అమ్మ మీద ఆ సాయంత్రం నాకొచ్చినంత కోపం మళ్లీ ఎవరి మీదా రాలేదు. అక్క ఒక నర్సింగ్ హోమ్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, లోపలున్న డాక్టరమ్మ కోసం రోగులకు టోకెన్లు ఇస్తూ ముప్ఫై ఏళ్లు గడిపింది. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయేముందు అక్క చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతే, "ఏం వద్దమ్మా, పడుకో," అంది. ఆ ఇల్లు అమ్మేశాం, భట్టీ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అక్క నా దగ్గరే ఉంటోంది.

పోయిన వారం ఈ పత్రానికి దరఖాస్తు పెట్టేటప్పుడు మీసేవలో అమ్మాయి, "అంకుల్, రిలిజియన్ ఏం పెట్టాలె?" అని అడిగితే నేను "హిందూ" అన్నాను. తడుముకోలేదు కూడా. నా కూతురూ డాక్టరు చదువుతానంటోంది మరి.

ఇంటికి తెచ్చిన కాగితాన్ని అక్క కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఆమె తిడితే చెప్పాల్సిన జవాబులన్నీ దారి పొడుగునా తయారుచేసుకున్నాను.

"మంచిగ చేసినవ్ తమ్మీ."

"నీకు కోపం రాలేదా అక్కా?"

"అమ్మ నాకు సుత గిట్ల రాయిస్తే ఎంత బాగుండు అని రోజూ అనుకున్న. అట్ల అనుకున్నందుకు రోజూ దేవుణ్ణి క్షమించమని అడుక్కున్న."

ముప్ఫై ఏళ్లు ఒకే ఇంటి మనిషిగా ఉండి ఈ సంగతి నాకు తెలియలేదు. అమ్మ మీద నా కోపం నేను పెంచుకున్నానే తప్ప, అక్కని ఒక్కసారీ అడగలేదు.

దీపాలు పెట్టే వేళకి అక్క చాప పరుచుకుంది. మా ఇంట్లో ఇప్పుడు ప్రార్థనకి కూర్చునేది ఆమె ఒక్కతే, మిగతావాళ్లం తలో ఫోనూ పట్టుకుని తలో గదిలో ఉంటాం. ఇవాళైనా వెళ్లి పక్కన కూర్చుందామని లేచాను గానీ, ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల అక్క కళ్లు మూసుకుని, పాపకు డాక్టరు సీటు ఇప్పించమని ప్రభువును అడుగుతోంది.