వాయిదా బిళ్లలు మింగే మనిషి

2022 వేసవి. రాజోలు బస్టాండుకు దగ్గర్లో మా మందుల షాపు. బీఫార్మసీ చదివాను. పెళ్లయ్యాక ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అని ఇంట్లో ఏడాదిపాటు వాదించి, చివరికి సొంతంగా షాపు పెట్టుకున్నాను. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్లు. వాదించే అలవాటు మాత్రం పోలేదు, ఇంట్లోవాళ్లు అలిసిపోయాక కస్టమర్ల మీద పడ్డాను.

మా షాపులో ఎవరూ పేరు పెట్టి అడగని మందు ఒకటుంది. వాడేసిన స్ట్రిప్పు ముక్క మడతపెట్టి తెచ్చి, కౌంటరు మీద పెట్టి, అటూ ఇటూ చూస్తూ "ఇవండి" అంటారు. నెలసరి వాయిదా వేసే బిళ్లలు. నోరెథిస్టిరాన్ అనే హార్మోను మందు. షెడ్యూల్ హెచ్‌లో ఉంటుంది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. వ్రతాలూ పెళ్లిళ్లూ వచ్చాయంటే మా వైపు ఇవి జ్వరం బిళ్లల్లా పోతాయి. చీటీ ఎవరూ తేరు, నేనూ అడిగేదాన్ని కాదు. అందరూ ఇస్తున్నారుగా అనుకునేదాన్ని. పైగా కొనడానికి వచ్చేది మింగే మనిషి కాదు. అత్తగారో, మొగుడో, ఊరి ఆటో అతనో వస్తారు. మింగే మనిషి ఇంట్లో పూజకి ఇత్తడి సామాను తోముకుంటూ ఉంటుంది.

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం పాతికేళ్ల అమ్మాయి వచ్చింది. పేరు మార్చి దుర్గ అంటాను. సఖినేటిపల్లి దగ్గర ఊరు. ఆ ఇంటి నుంచి ఎప్పుడూ అత్తగారే వచ్చేవారు, ఆ రోజు ఆవిడకి మోకాలు పట్టేసిందట. దుర్గ స్ట్రిప్పు ముక్క చూపించి, మెల్లిగా ఇంకో మాట అడిగింది.

"ఇవి వేసుకుంటా, పిల్లలు పుట్టే మందు కూడా వేసుకోవచ్చాండి?"

చేతిలో కత్తెర పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను. భర్త కువైట్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు. ఈసారి వచ్చి పన్నెండు రోజులైంది. నాలుగు రోజుల్లో పౌర్ణమి, పిల్లల కోసం సత్యనారాయణ వ్రతం. ఆ తర్వాత మొక్కులు, ఆ తర్వాత ఆడపడుచు గృహప్రవేశం. మధ్యలో కోడలు బయట కూర్చుంటే అన్నీ చెడతాయని, వాడున్నదే నలభై రోజులు, అందులోనూ దూరం దూరం అంటే ఎలాగని, అతను వచ్చిన మూడో రోజు నుంచే అత్తగారు బిళ్లలు మొదలుపెట్టించారు. విమానం ఎక్కేదాకా ఆపకూడదట. కిందటి సెలవులోనూ అంతే. పెళ్లికీ, ఆ తర్వాత అతను ఉన్న నెలన్నరకీ కూడా అంతే. పెళ్లయి నాలుగేళ్లు, కడుపు పండలేదు.

"ఈసారీ నిలబడకపోతే ఇంకో సంబంధం చూస్తానని ఆయనతో చెప్పేరండి మా అత్తగారు," అంది.

గోడ మీది క్యాలెండరు దించి కౌంటరు మీద పరిచాను. నెలసరి మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుందని, చాలామందికి రెండు వారాలు అటూ ఇటూగా అండం విడుదలవుతుందని, అది బతికేది ఒక్క రోజేనని చెప్పాను. ఆ రోజూ, దానికి ముందు నాలుగైదు రోజులూ, గర్భం నిలిచేది అప్పుడే. నిలవకపోతే ఇంకో రెండు వారాలకి మళ్లీ నెలసరి, మళ్లీ కొత్త లెక్క. ఆ నెలసరినే బిళ్లలతో పట్టి ఆపేస్తే కొత్త లెక్క మొదలే కాదు, దాని వెనకాల రావలసిన అండమూ రాదు.

దుర్గ వేలితో గళ్లు లెక్కపెట్టుకుంది. రెండుసార్లు లెక్కపెట్టింది.

"అంటే ఆయన ఉన్నన్నాళ్లూ నాకా రోజు రాలేదాండి?"

"రానివ్వలేదు."

"ఈ బిళ్లలు మీ కొట్లోవే కదండి."

"మావే," అన్నాను.

అమలాపురంలో తెలిసిన లేడీ డాక్టరుకి అక్కడే ఫోను చేశాను. బిళ్లలు ఆపేయమన్నారు, ఇద్దరినీ ఒకసారి పంపమన్నారు. ఆపిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుందని, ఈసారి కాస్త ఎక్కువగా పోవచ్చని దుర్గకి చెప్పాను. బరువులు ఎత్తకు, ఆకుకూర, బెల్లం, గుడ్లు తిను, కడుపునొప్పికి వేడినీళ్ల కాపడం పెట్టు, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. మొదటి రోజు రాసిపెట్టుకో. రెండో వారంలో గుడ్డు తెల్లసొనలా జిగురు కనిపిస్తే అది రోగం కాదు, అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడ్డాయని గుర్తు. ఇవన్నీ ఎంత విసురుగా చెప్పానంటే, వినేవాళ్లు నేను ఆ పిల్లతో పోట్లాడుతున్నాననుకుని ఉంటారు. పోట్లాట నాతో నాకే.

మర్నాడు భర్త వచ్చాడు. బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యలేదు.

"మా ఇంట్లో వ్రతం ఆపడానికి మీరెవరండి?"

"బిళ్లలు అమ్మినదాన్ని. వ్రతం దేనికి చేస్తున్నారు?"

"పిల్లల కోసమండి."

"పిల్లలు కావాలని వ్రతం, వ్రతం కోసం బిళ్లలు, బిళ్లలుంటే పిల్లలు రారు. పౌర్ణమి వెళ్తే ఏకాదశి వస్తుంది బాబూ, ఆ దేవుడే మీ పీటల మీదికి మళ్లీ వస్తాడు. మీ సెలవు వస్తుందా?"

అతను కాసేపు మందుల అరల వైపు చూసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులు నాకు కాలు నిలవలేదు. ఆపిందా, ఆపలేదా? ఎదురు షాపులో ఒక్క స్ట్రిప్పు కొంటే చాలు, నేను చెప్పినదంతా గాలికి పోతుంది. సఖినేటిపల్లి ఆటో ఆగినప్పుడల్లా దిగేవాళ్లను చూసేదాన్ని. ఆపి ఉంటే ఈ వారం, ఆపకపోతే ఈ ఏడూ లేదు, అని గళ్లు లెక్కపెట్టేదాన్ని. అత్తగారు బీపీ మాత్రలకి కూడా మా షాపుకి రావడం మానేశారు.

జూన్ మధ్యలో దుర్గ వచ్చింది. అతను వెళ్లి నాలుగు రోజులైందట.

"వచ్చేసిందండి అక్కగారూ."

ఓదార్చడం నాకు చేతకాదు. ఏదో ఒకటి అనబోతుంటే తనే మళ్లీ అంది: "ఇరవై తొమ్మిదో రోజునండి. మధ్యలో మీరు చెప్పిన జిగురు కూడా చూసుకున్నానండి. పొద్దున్న ఏడ్చేను. మళ్లీ అనిపించిందండి, నా ఒళ్లు దాని పని అది చేస్తానే ఉంది కదా అని."

భర్తే బిళ్లలు ఆపించేశాడట, వ్రతం ఏకాదశికి జరిగిందట. డాక్టరు ఇద్దరినీ చూసి లోపమేమీ కనిపించలేదన్నారట, ఒక్క నెలకే నిలవాలని లేదని కూడా చెప్పారట. మీ అత్తగారేమంటున్నారు అని అడిగాను.

"మాటాడ్డం లేదండి," అని కొంచెం ఆగి, "పర్లేదండి, పని బేగా అవుతంది," అంది.

అప్పటి నుంచి చీటీ లేకుండా ఆ బిళ్లలు ఇవ్వను. చీటీ ఉన్నా మింగే మనిషిని రమ్మంటాను, కిందటి నెలసరి ఎప్పుడని, ఎందుకని, ఎన్ని రోజులకని అడుగుతాను. ఎదురు షాపులో ఇన్ని అడగరంటారు కొందరు. వెళ్లమంటాను, వెళ్తారు. ఈ కేసు నాకు నేర్పింది అదే: మందు గురించి ఎంత చదివినా, అది ఎవరి ఒంట్లోకి వెళ్తోందో ఆ మనిషిని చూడకపోతే నేను చేసేది సరుకు అందించడమే. అలా పంతొమ్మిదేళ్లు అందించాను. ఆ బిళ్లలు ఎన్ని ఇళ్లలో ఏం చేశాయో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు.

మొన్న షాపు ఫోనుకి కువైట్ నుంచి ఆ అబ్బాయి చేశాడు. యజమాని సెలవు తేదీలు అడుగుతున్నాడట.

"ఎప్పటి నుంచి పెట్టమంటారండి?"

"మీ ఆవిణ్ణి అడగండి. నాకెలా తెలుస్తుంది?"

"అవన్నీ అడగాలంటే సిగ్గండి," అన్నాడు.

"పరాయిదాన్ని, నన్ను అడగడానికి లేని సిగ్గు పెళ్లాం దగ్గర దేనికి?" అని ఫోను పెట్టేశాను.