ఫక్రుద్దీన్ ట్రైలర్‌కి ఏ జబ్బూ లేదు

రాయచోటి ఫక్రుద్దీన్ దృష్టిలో బండి నడుస్తున్నంత కాలం దానికేమీ కానట్టే లెక్క. ఆగిపోతే అది మెకానిక్ చూసుకోవాల్సిన సంగతి, డ్రైవర్‌కి సంబంధం లేదు. ఈ సిద్ధాంతంతోనే ఆయన సౌదీలోని దమ్మామ్‌లో ఏళ్ల తరబడి పొడవాటి ట్రైలర్ తోలాడు. అల్లా కూడా ఎందుకో ఆయన్ని సమర్థిస్తూనే వచ్చాడు.

యుద్ధానికి ముందు సాకులు వెతుక్కోవడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చేది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగిందంటే గాలివాటం అనేవాడు. టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగాయంటే ఎండ అనేవాడు. లోపలి అంచుకి ఎండెలా తగిలిందని అడిగినవాడు లేడు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక ఆ కష్టం కూడా తీరిపోయింది. ట్రైలర్ దడదడలాడితే, ట్యాంకులు తిరిగి రోడ్డు పాడైంది. వెనక లైట్లు వెలగకపోతే, శత్రు విమానాలకి కనిపించకుండా ముందుజాగ్రత్త. గాలి పైపు బుస్సుమంటే ఫక్రుద్దీన్ గ్యాస్ మాస్కు కోసం వెతికాడే తప్ప దిగి చూడలేదు. బరువు మోసే కమాను పట్టీ విరిగి ట్రైలర్ ఎడమవైపు ఒరిగినప్పుడైతే, మిస్సైల్ పడి భూమే కాస్త వంగిందేమోనని అనుమానించాడు.

పనివాళ్ల వీసాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న యజమాని, కఫీల్ అబూ నాసర్‌కి ఈ వివరణలు బాగా నచ్చేవి. రేవు నిండా సరుకు ఉంది. బండి యార్డులో నిలబడితే ఆయనకి ఒంట్లో బాగుండేది కాదు.

యార్డులో చక్రాలకి గ్రీజు పెట్టే పని ఆర్మూరు ఎల్లన్నది. పనిమంతుడే, కాకపోతే నీడంటే ప్రాణం. బండి ఎటు తిప్పి నిలబెట్టినా నీడపడిన వైపు చక్రాలకి కడుపునిండా గ్రీజు దొరికేది. ఎండవైపు చక్రాలని ఒక చూపు చూసి వదిలేసేవాడు.

యుద్ధం ముగిసిన ఆ వేసవిలో కువైట్ చమురు బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఫక్రుద్దీన్ ట్రైలర్‌కి ఆ దేశాన్ని మళ్లీ నిలబెట్టే పవిత్ర బాధ్యత దక్కింది: పెట్టెల నిండా కమోడ్లు. మంటలు చూసొస్తానని ఎల్లన్న కూడా పక్కన ఎక్కి కూర్చున్నాడు.

జుబైల్ దాటాక ఆకాశం మసకబారింది. ఎల్లన్న ముక్కు ఎగబీల్చాడు.

"భాయ్, ఏందో కాలుతున్న వాసనొస్తున్నది."

"కువైట్ కాలతాండాది గదప్పా. మల్లెపూల వాసనొస్తాదా?"

"గిది గా వాసన గాదు. గ్రీజు మాడినట్లున్నది. ఎన్కకెళ్లి కిర్రుమంటున్నది గూడ. జర ఆపరాదే."

"ఊరుకో. బాగా నడిచే బండికి లేనిపోని ఆలోచనలు పెట్టగాకు," అంటూ ఫక్రుద్దీన్ టేపురికార్డర్ సౌండు పెంచాడు. కిర్రుమనే చప్పుడు నిజంగానే వినబడడం మానేసింది. మరమ్మతంటే ఆయనకి తెలిసింది అదే.

కొంత దూరం పోయాక కుడిపక్క నుంచి ఒక చక్రం దొర్లుకుంటూ వచ్చింది. వాళ్లని దాటి, దర్జాగా ముందుకు పోయి, ఇసుకలోకి మళ్లింది.

"సూడప్పా! ఎవుడో తలకాయ లేనోడు, చక్రం ఊడినా తెలీకుండా తోలతాండాడు."

ఎల్లన్న ముందుకి చూశాడు. అద్దంలో వెనక్కి చూశాడు.

"భాయ్... రోడ్డు మీద మనం దప్ప ఎవ్వలు లేరే."

అంతలో ట్రైలర్ కుడివైపుకి కూలబడింది. ఇరుసు కొస తారును గీరుకుంటూ నిప్పురవ్వలు చిమ్మింది. తాళ్లు తెగి పెట్టెలు జారిపోయాయి. బండి ఆగేసరికి తెల్లటి కమోడ్లు ఇసుకలో బారులుతీరి కూర్చున్నాయి. సగం పైగా పగలకుండానే ఉన్నాయి. ఎవరైనా వచ్చి వాడుకోవడమే తరువాయి.

ఫక్రుద్దీన్ దిగాడు. పక్క చక్రం నడిమి హబ్బు మీద చెయ్యి ఆనించి కెవ్వుమన్నాడు. అరచేతి తోలు అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్లలో తన బండి చక్రాన్ని ఆయన ముట్టుకోవడం అదే మొదలు.

ఎల్లన్న రోడ్డు పక్కన కూలబడి ఏడుపు గొంతుతో అన్నాడు. "తప్పు నాదే భాయ్. ఎండ దిక్కు చక్రాలకు గ్రీజు పెట్టలే. పోయినసారి గూడ పెట్టలే."

చెంప పగులుతుందని తల వంచుకున్నాడు. ఫక్రుద్దీన్ కాలిన చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు.

"నువ్వు పెట్టలేదు, నేను దిగి సూడలేదు," అన్నాడు. "పోలీసోల్లు అడిగితే నువ్వు నోరు తెరవొద్దు. నేను సెప్పుకుంటా."

పోలీసు వచ్చి ఏమైందని అడిగాడు.

"హర్బ్," అన్నాడు ఫక్రుద్దీన్. యుద్ధం.

"యుద్ధం ఎప్పుడో అయిపోయింది," అన్నాడు పోలీసు. లైసెన్సు అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

తర్వాత కఫీల్ వచ్చాడు. కమోడ్ల మధ్య కాసేపు పచార్లు చేశాడు. కారణం "హర్బ్" అని వినగానే ఆయన ముఖం తేటపడింది. యుద్ధం పొడుగునా ఒక్క బండినీ యార్డులో ఆగనివ్వని మనిషి మరి. నిజమే, అంతా యుద్ధం వల్లే అని తల ఊపాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురి తప్పులూ పాపం ఆ యుద్ధమే నెత్తిన వేసుకుంది.

లైసెన్సు లేని డ్రైవర్‌ని ఏం చేసుకోవాలో తెలియక కఫీల్ ఆయన్ని బండ్లు తనిఖీ చేసే పనిలో పెట్టాడు. అక్కడితో యార్డు మనశ్శాంతి పోయింది. చేతికి కట్టుతోనే ఫక్రుద్దీన్ ప్రతి టైరునీ తడిమేవాడు, గాలి పైపులకి చెవి ఆనించేవాడు, హబ్బుల్ని వాసన చూసేవాడు. ఒకరోజు బాషా అనే డ్రైవర్ ఒరిగిన ట్రైలర్‌తో గేటు దాకా వచ్చాడు.

"ఏమీల్యా చాచా, గాలికి ఒరిగింది."

"ఆ గాలిని పుట్టించిందే నేను రా. దించు లోడు."

కొన్నాళ్లకి ఆయన సెలవు మీద ఊరికి బయల్దేరాడు. కడపలో రాయచోటి బస్సెక్కి, పెట్టె సీటు కింద పెట్టి, చక్రాలు చూద్దామని దిగాడు. నట్లు ఒక్కొక్కటీ తట్టి, వంగి కమాన్లు పరీక్షించి, వెనక హబ్బు దగ్గర ముక్కు పెట్టాడు. ఈలోగా కండక్టర్ రైట్ అన్నాడు. గ్రీజు లేక మూలుగుతున్న ఆ డొక్కు బస్సు ఆయన్ని అక్కడే వదిలేసి క్షేమంగా రాయచోటి చేరింది.

ఆయన తర్వాతి బస్సులో వచ్చి దిగేసరికి భార్య జాహెదా స్టాండులో అదే పెట్టె మీద కూర్చుని ఉంది.

"పెట్టె ఎప్పుడో వచ్చింది," అంది ఆమె. "నువ్వు యాడ దిగిపోయినావు?"